సెమిస్టర్ మధ్యలో వ్యాయామం ఆగిపోకుండా చూసుకోవడం ఎలా

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి సంవత్సరం తరగతులు మొదలైన కొత్తలో, మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చిన పిల్లలను ఒక్కసారి గమనించండి. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు బెంచీ మీద కూలబడి, హాజరు పిలిచే వేళకు కూడా ఆయాసం తీరక, నోట మాట రాక చేయి మాత్రం పైకెత్తుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. అంతకు ముందు రెండేళ్లూ అతను ఇంటర్మీడియెట్ చదివింది ఆటస్థలం లేని ఐదంతస్తుల భవనంలో. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే ఆ రోజుల్లో అతను నడిచిన దూరమంతా గదికీ, తరగతికీ, మెస్సుకూ మధ్యనే. అలా పోగొట్టుకున్న ఓపికను బీటెక్ నాలుగేళ్లలోనో, డిగ్రీ మూడేళ్లలోనో చదువు చెడకుండా తిరిగి తెచ్చుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కాను. లెక్కలు చెప్పేవాణ్ణి, కొన్నేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్నవాణ్ణి. కాబట్టి కండలు పెంచే కిటుకులు ఇక్కడ దొరకవు.

ముందు మార్కుల సంగతి తేల్చుకుందాం

వ్యాయామం చేస్తే మార్కులు పెరుగుతాయా అని తల్లిదండ్రులు అడుగుతారు, పిల్లలూ అడుగుతారు. పెరుగుతాయని గట్టిగా చెప్పేవారి మాట నమ్మకండి. రోజూ వ్యాయామం చేసే విద్యార్థులకు మార్కులు కొంత మెరుగ్గా ఉన్నట్టు చూపే పరిశీలనలు చాలానే ఉన్నాయి. అయితే వేళకు లేచి, వేళకు పడుకుని, పనులు క్రమంగా చేసుకునే పిల్లలు వ్యాయామమూ చేస్తారు, చదువూ చదువుతారు. వాళ్ల మార్కులకు మూలం నడకా, ఆ క్రమశిక్షణా అన్నది అలాంటి పరిశీలనల వల్ల తేలదు. మైదానంలోనే పొద్దంతా గడిపి, 75 శాతం హాజరు కూడా లేక కండొనేషన్ ఫీజు కట్టుకున్న ఆటగాళ్లను కూడా నేను చూశాను.

కొంత గట్టి ఆధారం ప్రయోగాల నుంచి వస్తుంది. జర్మనీ పరిశోధకులు చేసి 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 27 మంది యువకులు ఒక్కొక్కటీ మూడు నిమిషాలుండే రెండు వేగమైన పరుగులు తీసిన తరువాత కొత్త పదాలు నేర్చుకోగా, ఊరికే కూర్చున్నప్పటి కన్నా, నింపాదిగా పరుగెత్తినప్పటి కన్నా 20 శాతం వేగంగా నేర్చుకున్నారు. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు 72 మందికి చిత్రాలు తెర మీద ఎక్కడెక్కడ కనిపించాయో గుర్తుపెట్టుకునే పని ఇచ్చి, వారిలో కొందరి చేత వెంటనే, కొందరి చేత నాలుగు గంటల తరువాత 35 నిమిషాలు వ్యాయామ సైకిలు తొక్కించి, మిగిలిన వారిని తొక్కించకుండా వదిలేశారు. రెండు రోజుల తరువాత పరీక్షిస్తే, నాలుగు గంటల తరువాత తొక్కినవారికే ఎక్కువ గుర్తుంది. వెంటనే తొక్కినవారికి చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. రెండూ చిన్న ప్రయోగాలే కాబట్టి వీటిని పట్టుకుని టైమ్‌టేబుల్ మొత్తం తిరగరాయనక్కరలేదు. నడిస్తే మెదడు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలమైన 2011 నాటి పరిశోధన కూడా నిజమైనదే. దానిలో ఏడాది పాటు నడిచినవారికి జ్ఞాపకశక్తితో సంబంధం ఉన్న హిప్పోక్యాంపస్ అనే భాగం సుమారు 2 శాతం పెరిగింది. కానీ ఆ నడిచినవారు 55 నుంచి 80 ఏళ్ల పెద్దలు. ఆ వార్తను మీరు చదువుకోవడం కన్నా మీ తాతగారికి చదివి వినిపించడం మేలు.

ఇవన్నీ పక్కన పెట్టి నేను చూసింది చెబుతాను. వారంలో నాలుగైదు రోజులు ఒళ్లు అలిసేలా కదిలే విద్యార్థికి రాత్రి నిద్ర పడుతుంది, నిద్ర పట్టినవాడికి మొదటి పీరియడ్‌లో కునుకు రాదు, కునుకు తీయనివాడికి పాఠం తరగతిలోనే సగం అర్థమవుతుంది. మార్కులు పెరిగితే ఆ దారినే పెరుగుతాయి. వ్యాయామాన్ని చదువుకు ఎదురుగా త్రాసులో పెట్టి తూచేవారు, అది ఎక్కువగా మిగిల్చేది ఈ మొదటి పీరియడ్‌నే అన్న సంగతి మరచిపోతారు.

నేను చేసిన పొరపాటు

వార్డెన్‌గా కొత్తగా చేరిన ఏడాది నాకొక ఆలోచన వచ్చింది. ఉదయం ఐదున్నరకు హాస్టల్ పిల్లలందరూ మైదానంలో ఉండాలి, రానివారికి ఇరవై రూపాయల జరిమానా. మొదటి వారం అరవై మందికి అరవై మందీ వచ్చారు. రెండో వారానికి కొందరికి జ్వరాలు మొదలయ్యాయి, మూడో వారానికి ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు పలకడం మొదలైంది. అయినా సెమిస్టర్ చివరి దాకా ఎలాగోలా నడిపించాను. రెండో సెమిస్టర్‌లో, అలవాటు పడి ఉంటారులే అన్న ధీమాతో జరిమానా ఎత్తేశాను. మర్నాడు ఉదయం మంచులో నేనూ, వాచ్‌మనూ, నలుగురు పిల్లలూ మిగిలాం. ఆ నలుగురూ జరిమానా పెట్టకముందు కూడా పరుగెత్తేవాళ్లే.

ఇది ఎందుకు జరుగుతుందో తరువాత చదివి తెలుసుకున్నాను. ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో కళాశాల విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చి, కొందరికి దాన్ని పేర్చినందుకు డబ్బిచ్చాడు. డబ్బు ఆపేసిన తరువాత విరామ సమయంలో వాళ్లు ఆ పజిల్‌ను ముట్టుకోవడం అంతకు ముందు కన్నా తగ్గింది. డబ్బు మాటే లేకుండా పేర్చినవారిలో అలా తగ్గలేదు. బహుమతి సంగతే అలా ఉంటే ఇక జరిమానా సంగతి చెప్పాలా? డెసీ తరువాత రిచర్డ్ ర్యాన్‌తో కలిసి ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా విస్తరించాడు. ఏ పనైనా మనిషిలో నిలవాలంటే మూడు కావాలని వాళ్లంటారు. ఆ పని తానే ఎంచుకున్నదై ఉండాలి, అది తనకు చేతనవుతోందని కొద్ది కొద్దిగానైనా తెలుస్తూ ఉండాలి, తనవాళ్లనుకునే నలుగురితో అది తనను కలపాలి. నా జరిమానా పరుగులో ఈ మూడూ లేవు. ఇక మీదట చెప్పే పద్ధతంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఏది చేయాలో మీరే ఎంచుకోండి, ఎంత చేయాలో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 18 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల కష్టమైన వ్యాయామం గానీ కావాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలి. మధ్యస్థమంటే ఎంతో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది కష్టమైనది. అంతకు ముందు సూచనల్లో వ్యాయామం ఒక్కో విడత పది నిమిషాలకు తక్కువ కాకూడదన్న నియమం ఉండేది, దాన్ని 2020లో తీసేశారు. మెట్లెక్కిన మూడు నిమిషాలు కూడా లెక్కకు వస్తాయన్నమాట. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య భవనాలు మారవలసిన విద్యార్థికి ఇది చిన్న వరమేమీ కాదు.

చేయవలసింది నడకా, పరుగా, షటిలా, ఈతా, సైకిలా అన్నది మీ ఇష్టం. విజయవాడలో ఉన్నవారికి ప్రకాశం బ్యారేజీ ఒక మంచి కొలబద్ద. దాని పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు కాబట్టి, తెల్లవారుజామున వాహనాల రద్దీ మొదలుకాక ముందు సీతానగరం వైపుకు చకచకా నడిచి వెనక్కు వస్తే అరగంట వ్యాయామం పూర్తవుతుంది. ఒక చేతి వైపు నిండుగా కృష్ణమ్మ, ఇంకో వైపు ఇసుక తిన్నెలు ఉంటే కాళ్ల నొప్పి గుర్తుకు రాదు. నాగార్జున విశ్వవిద్యాలయం వంటి విశాలమైన ప్రాంగణాల్లో చదివేవారికి బయటికి పోవలసిన పనే లేదు. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం దగ్గర ఉన్నవారికి తోడుకు కొదవ ఉండదు. సర్వీసు రోడ్ల పక్కన, విజయవాడ బెంజి సర్కిల్ లాంటి చోట్ల పొగ పీలుస్తూ పరుగెత్తడం కన్నా హాస్టల్ మేడ మీద పది చుట్లు నడవడం నయమని నా అభిప్రాయం.

కండరాల వ్యాయామానికి జిమ్ తప్పనిసరి కాదు. మన తాతల నాటి దండీలు, బస్కీలు చాలు. దండీ తీయలేనివారు మొదట గోడకు చేతులు ఆనించి, రెండు వారాల తరువాత బల్ల అంచుకు ఆనించి, ఆ తరువాత నేల మీద చేయాలి. బస్కీలు పదితో మొదలుపెట్టి, రెండో రోజు తొడలు పట్టేసినా కంగారు పడకుండా ఒక రోజు విడిచి మళ్లీ చేయాలి. పుస్తకాలు నింపిన ల్యాప్‌టాప్ సంచి బరువెత్తే పనికి చక్కగా సరిపోతుంది. ఇక్కడొక మాట. బడిలో హోంవర్కు చేయని ప్రతిసారీ మనచేత గుంజీళ్లు తీయించారు, ఆలస్యంగా వస్తే మైదానం చుట్టూ పరుగెత్తించారు. వ్యాయామాన్ని శిక్షగా నేర్పించి, పెద్దయ్యాక దాన్ని ఇష్టపడమంటే పిల్లలు ఎలా ఇష్టపడతారో నాకు అర్థం కాదు. మీకు గుంజీళ్లంటే అసహ్యమైతే అది బద్ధకం కాకపోవచ్చు. వాటిని వదిలేసి వేరేది చూసుకోండి.

మొదటి మూడు వారాలు

మనలో ఆరంభశూరులకు లోటు లేదు. జనవరి ఒకటిన కొత్త బూట్లు కొని ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు తిని వచ్చాక ఆ బూట్లను మంచం కిందికి తోసేసే పిల్లలు ప్రతి గదిలోనూ ఒకరుంటారు. అందుకే మొదటి వారం రోజుకు పది నిమిషాలు మాత్రమే చేయండి. ఇంకా చేయగలననిపించినా ఆపేయండి. రెండో వారం పదిహేను, మూడో వారం ఇరవై. అలా పెంచుకుంటూ పోతే మొదటి మిడ్ పరీక్షల నాటికి అరగంటకు చేరుకుంటారు.

రోజూ చేస్తాననుకోవడం సరిపోదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని వెంట అన్నది ముందే ఒక వాక్యంగా రాసుకోవాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్లు పరిశోధించి చెప్పినది ఇదే. ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముడివేసుకున్నవారు, ఊరికే గట్టిగా అనుకున్నవారి కన్నా ఆ పని ఎక్కువగా పూర్తి చేస్తారు. హాస్టల్ విద్యార్థి అయితే ‘సాయంత్రం ల్యాబ్ నుంచి రాగానే, మంచం మీద కూర్చోక ముందే, బూట్లు వేసుకుని మైదానానికి వెళ్తాను’ అని రాసుకోవచ్చు. ఇందులో కీలకమంతా మంచం మీద కూర్చోకపోవడంలోనే ఉంది, ఎందుకంటే కూర్చున్నాక ఫోను చేతికొస్తుంది, ఫోను చేతికొచ్చాక చీకటి పడుతుంది. ఇంటి నుంచి కళాశాల బస్సులో తిరిగేవారికి తెల్లవారుజామున లేవడం కష్టమే. ఆరున్నరకే బస్సు ఎక్కవలసిన పిల్లవాణ్ణి నాలుగున్నరకు లేచి పరుగెత్తమనడం దండగ. అతను సాయంత్రం ఇంటికి రెండు స్టాపుల ముందు దిగి నడవాలి.

అలా నడిచిన ఒక విద్యార్థి గురించి చెప్పాలి. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. స్టేషన్ నుంచి కళాశాలకు రెండు కిలోమీటర్లు, అందరూ షేర్ ఆటో ఎక్కేవారు. రెండో సంవత్సరంలో ఒకరోజు చెమటలు కారుతూ తరగతికి వచ్చాడు. ఏమయ్యా అంటే, “నడిచొచ్చాను సార్, ఆటో డబ్బులు మిగులుతాయని” అన్నాడు. డబ్బు కోసం మొదలుపెట్టిన ఆ నడకలో కొద్ది రోజులకు ఒక కొత్త పని చేరింది. ముందు రోజు చెప్పిన పాఠంలోని సూత్రాలను పుస్తకం తెరవకుండా దారి పొడవునా తనకు తానే చెప్పుకోవడం, గుర్తు రానిదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుని తరగతిలోకి రాగానే నోట్సులో వెతుక్కోవడం. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం ఉండేది, దాని మీద శీర్షికలు మాత్రమే. చెమటకు తడిసి సిరా అలుక్కుపోయిన ఆ కాగితాన్ని ఒకసారి నాకు చూపించాడు. అప్పటికి అతనికి మూడు బ్యాక్‌లాగ్‌లు ఉండేవి. మూడో సంవత్సరం ముగిసేసరికి ఒక్కటీ లేదు. నడకే తీసేసిందని నేను అనను. కానీ చదివినదాన్ని మళ్లీ చదవడం కన్నా, చూడకుండా గుర్తు చేసుకోవడం వల్ల వారం తరువాత కూడా ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు 2006లో విద్యార్థుల మీదే చేసి చూపించిన పనిని, ఆ అబ్బాయి దాని పేరు కూడా వినకుండానే రోజూ రెండు పూటలా చేశాడు. ఇయర్‌ఫోన్లు తీసేసి నడిస్తే మీరూ చేయవచ్చు.

చదువు వేళలతో ముడి

కొరుకుడు పడని సబ్జెక్టుకు కూర్చునే ముందు ఇరవై నిమిషాలు వేగంగా నడిచి, నీళ్లు తాగి, మొహం కడుక్కుని, ఆ గంటలోపే పుస్తకం ముందు కూర్చోండి. వ్యాయామం అవగానే మెలకువ, ఏకాగ్రత కాసేపు మెరుగ్గా ఉంటాయి. ఆ కాసేపటిని ఫోనుకు కాకుండా లెక్కలకు ఇవ్వాలి. ఒళ్లు హూనమయ్యేదాకా ఆడి వచ్చి చదువుదామంటే మాత్రం కుదరదు. రెండు గంటలు క్రికెట్ ఆడినవాడికి ఆ రాత్రి పుస్తకం దిండుగానే పనికొస్తుంది. మధ్యాహ్నం రెండింటికి గట్టి పాఠం ఉన్న రోజున సాయంత్రం ఆరింటికి ఆట పెట్టుకుంటే, నెదర్లాండ్స్ ప్రయోగంలోని నాలుగు గంటల ఎడం దానంతటదే కుదురుతుంది. కుదరకపోయినా నష్టం లేదు.

పడుకునే ముందు గంటలో కష్టమైన వ్యాయామం వద్దు, దానివల్ల కొందరికి నిద్ర ఆలస్యమవుతుంది. 18 నుంచి 25 ఏళ్లవారికి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామున పరుగెత్తడం కోసం ఐదు గంటలే నిద్రపోయేవారు ఆ పరుగు మానేసి పడుకోవాలి. ఈ మాట వ్యాయామం గురించిన వ్యాసంలో వింతగా అనిపించవచ్చు గానీ, నిద్ర కోసి చేసే వ్యాయామం చదువుకు ఏమీ మిగల్చదు.

ఆడపిల్లల హాస్టళ్లలో

చాలా హాస్టళ్లలో సాయంత్రం చీకటి పడకముందే ఆడపిల్లల గేటు మూసేస్తారు, మైదానం మొత్తం మగపిల్లల క్రికెట్‌తో నిండిపోయి ఉంటుంది. ఆడపిల్లలకు ఉత్సాహం లేదని సమావేశాల్లో అనేవారు ఈ రెండు సంగతులూ మరచిపోతారు. ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టరు (పీడీ) గారిని కలిసి వారంలో రెండు సాయంత్రాలు కోర్టును ఆడపిల్లలకే కేటాయించమని పదిమంది సంతకాలతో ఒక ఉత్తరం ఇవ్వండి. ఒక్కరు వెళ్లి అడిగితే చూద్దామంటారు, పదిమంది వెళ్తే వేళ రాసిస్తారు. ఈలోగా మేడ మీద ఒక తాడు, ఒక టెన్నికాయిట్ రింగు ఉంటే చాలు. రెండు కుర్చీల మధ్య చున్నీ కట్టి దాన్నే నెట్‌గా చేసుకుని, రాత్రి భోజనానికి ముందు అరగంట ఆడిన పిల్లల అరుపులు నేను కింది నుంచి విన్నాను. మొదట ఫిర్యాదు చేసిన పక్క గదివాళ్లే నెల తిరక్కుండా అందులో చేరారు.

మరొక సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మూడు వారాలు నెమ్మదిగా నడిచినా ఆయాసం తగ్గకపోతే, తల తిరుగుతుంటే, అది ఓపిక లేకపోవడం అనుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. అది 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే ముందు డాక్టరు సలహా తీసుకోవాలి, వ్యాయామం తరువాత. నెలసరి రోజుల్లో ఒంటికి బాగుంటే చేయవచ్చు, బాగాలేకపోతే మానవచ్చు. అందులో నియమమేమీ లేదు.

ఎండలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట పుట్టింది మన ఎండలను చూసే. విజయవాడలో ఎండ వేడి 40 డిగ్రీలు దాటడం ఒక ఎత్తు, దానికి తేమ తోడవడం ఇంకో ఎత్తు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఐదున్నరకే వెలుగొస్తుంది కాబట్టి ఏడు లోపు ముగించుకోవాలి, లేదా పొద్దు గుంకాక చేయాలి. మంచినీళ్లతో పాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. ఆడుతుండగా తల తిరగడం, వాంతి రావడం, మాట తడబడటం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోవడం కనబడితే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. పోటీలో గెలవాలన్న పట్టుదలతో ఆ మనిషిని మళ్లీ మైదానంలోకి పంపకూడదు.

వానాకాలంలో మెట్లే మైదానం. నాలుగంతస్తులు ఎక్కి దిగడం, అలా ఐదుసార్లు.

తిండి, జిమ్ డబ్బాలు

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి చెప్పిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. మెస్సులో పప్పు, పెరుగు వదలకుండా తిని, రెండు ఉడకబెట్టిన గుడ్లో, గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన శనగలో చేర్చుకుంటే మామూలు విద్యార్థికి ఆ లెక్క సరిపోతుంది. మూడు నెలల మెస్సు బిల్లంత ధర పెట్టి పొడి డబ్బాలు కొనవలసిన అవసరం లేదు. ఎవరైనా సూది మందో, మాత్రో ఇచ్చి నెలలో ఒళ్లు వస్తుందంటే ఆ జిమ్ మానేయండి. సాయంత్రం మిర్చి బజ్జీల మీద నాకు ద్వేషం లేదు, గుంటూరులో ఉంటూ ద్వేషించడం సాధ్యం కూడా కాదు. నడకకు ముందు తినకుండా, నడక అయ్యాక రెండు తినండి.

పరీక్షలు వచ్చినప్పుడు

వ్యాయామం చచ్చిపోయేది ఎక్కువగా మిడ్ పరీక్షల వారంలోనే. ‘పరీక్షలయ్యాక మొదలుపెడదాం’ అన్న మాటతో అది ఆగుతుంది. సెమిస్టర్‌కు రెండు మిడ్‌లు, తరువాత ప్రాక్టికల్స్, ఆ పైన ఎక్స్‌టర్నల్స్. అన్ని పరీక్షలూ అయ్యే రోజు డిగ్రీ చేతికొచ్చాకే వస్తుంది. కాబట్టి పరీక్షల రోజుల్లో మానకండి, తగ్గించండి. అరగంటను పదిహేను నిమిషాలు చేసి, కొత్త ఆటలూ, పోటీలూ, బరువులూ పక్కన పెట్టి నడక మాత్రం ఉంచుకోండి. యాభై నిమిషాలు చదివాక లేచి వరండాలో ఐదు నిమిషాలు తిరగడం కూడా లెక్కలోకే వస్తుంది. పరీక్షకు ముందు రాత్రి కాళ్లు బెణికించుకుని పరీక్ష హాలుకు కుంటుతూ వచ్చినవాణ్ణి నేను చూశాను కనుక, ఆ వారం కబడ్డీ వద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఒక రోజు తప్పితే అంతా పోయిందనుకోనక్కరలేదు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు లండన్‌లో 96 మంది మీద చేసిన పరిశీలనలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టిందనీ, కొందరికి 18 రోజులే పడితే, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చుననీ తేలింది. మధ్యలో ఒక రోజు తప్పిపోవడం ఆ అలవాటును పెద్దగా చెడగొట్టలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న ప్రచారాన్ని నమ్మి, ఇరవై రెండో రోజు కూడా బద్ధకంగా అనిపించగానే తనలోనే ఏదో లోపముందనుకునే పిల్లలకు ఈ సంఖ్యలు చూపిస్తుంటాను.

తోడు, లెక్క పుస్తకం

ఒంటరిగా చేసేది ఎక్కువగా మూన్నాళ్ల ముచ్చటే అవుతుంది. మీ ఓపికకు దగ్గరగా ఉన్న ఒకరిని వెతుక్కోండి. మీకన్నా చాలా వేగంగా పరుగెత్తేవాడితో జతకడితే చేతకావడం లేదన్న బాధే మిగులుతుంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమెను చూసి గర్వపడండి, కానీ మీ పదిహేను నిమిషాల నడకను ఆమెతో పోల్చుకోకండి. నిన్నటి మీతో పోల్చుకోండి.

అందుకు ఒక చిన్న నోటు పుస్తకం చాలు. రోజుకు మూడు అంకెలు రాయండి. నడిచిన నిమిషాలు, నిద్రపోయిన గంటలు, ఆవలింత రాకుండా చదివిన నిమిషాలు. ఆదివారం ఉదయం లేవగానే మంచం దిగకముందు మణికట్టు దగ్గర నాడి ఒక నిమిషం లెక్కపెట్టి, అదీ రాయండి. క్రమంగా వ్యాయామం చేస్తున్నవారికి కొన్ని వారాల్లో అది కొంచెం తగ్గుతుంది. సీజీపీఏ ఆరు నెలలకొకసారి కనబడుతుంది, ఈ అంకెలు వారానికొకసారి కనబడతాయి. చేతనవుతోందన్న సంగతి మనసుకు ఎక్కేది వీటి వల్లనే. పుస్తకాన్ని ఎవరికీ చూపించకండి, వార్డెన్‌కు అసలే వద్దు.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసులోనే గుండె జబ్బుతో పోయినవారుండటం, ఉబ్బసం ఇలాంటివి ఉన్నవారు మొదలుపెట్టే ముందే డాక్టరును కలవాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు నిమిషాలు లెక్కపెట్టకండి. పొలం గట్టున నాన్నగారి వెంట నడిచినా, చెరువులో ఈత కొట్టినా అది వ్యాయామమే. తిరిగి హాస్టల్‌కు వచ్చిన మొదటి వారం మాత్రం పాత నిమిషాల్లో సగంతోనే మొదలుపెట్టి, రెండో వారంలో పూర్తి లెక్కకు రండి.